పిల్లి మెడలో పట్టీ

మానవుడు మచ్చిక చేసుకొన్న జంతువులలో పిల్లిది విలక్షణమైన స్థానం. ఆవు పాలిచ్చింది, ఎద్దు నాగలి లాగింది, కుక్క కాపలా కాసింది. పిల్లి మాత్రం ధాన్యపు గాదెల చుట్టూ తిరిగే ఎలుకలను వెతుక్కుంటూ తనంత తానుగా మనిషి ముంగిటికి వచ్చింది. సైప్రస్ ద్వీపంలో సుమారు 9,500 సంవత్సరాల నాటి ఒక సమాధిలో మనిషి అస్థిపంజరం చెంతనే పిల్లి అస్థిపంజరం కూడా బయల్పడినట్లు 2004లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ప్రాచీన ఈజిప్టు ప్రజలు పిల్లిని దైవస్వరూపంగా ఆరాధించారు. ఆ దేశపు శిల్పులు మలచిన ఒక కంచు పిల్లి విగ్రహం నేడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దాని చెవులకు, ముక్కుకు బంగారు పోగులు, మెడ దిగువన వెండితో తీర్చిన రక్షాభరణం కనిపిస్తాయి. పిల్లి మెడను అలంకరించాలనే కోరిక మనిషికి కొత్తది కాదని దీనివల్ల తెలుస్తుంది.

అయితే విగ్రహం చెట్లెక్కదు, కంచెలు దూరదు. సజీవమైన పిల్లికి ఈ రెండూ నిత్యకృత్యాలు. అటువంటి ప్రాణి మెడకు పట్టీ కట్టడం క్షేమమేనా? జంతుప్రేమికులందరూ ఆలోచించవలసిన ప్రశ్న ఇది.

పిల్లి దేహనిర్మాణంలో ఒక విశేషం ఉంది. దాని జత్రుక (కాలర్ ఎముక) చాలా చిన్నది. మనిషికి ఉన్నట్లు ఇతర ఎముకలతో గట్టిగా సంధింపబడి ఉండదు. అందువల్ల దాని భుజాలు స్వేచ్ఛగా కదులుతాయి. తల పట్టినంత సందు దొరికితే చాలు, సాధారణంగా శరీరం మొత్తాన్ని ఆ సందులోంచి లాగివేయగలదు. ఈ నేర్పే మెడలో పట్టీ ఉన్నప్పుడు ముప్పుగా పరిణమిస్తుంది. కొమ్మకో, కంచె తీగకో పట్టీ తగులుకొంటే పిల్లి భయంతో గింజుకొంటుంది. గింజుకొన్నకొద్దీ పట్టీ బిగుసుకొని ఊపిరి సలపకుండా చేయవచ్చు. పట్టీని వదిలించుకోవాలని పెనుగులాడే పిల్లి ముంగాలు అందులో దూరి ఇరుక్కుపోవచ్చు. ఎవరూ గమనించకపోతే పట్టీ చంక భాగంలో ఒరుసుకొని చర్మాన్ని కోస్తుంది. అక్కడ ఏర్పడిన పుండు కాలు కదిపినప్పుడల్లా రేగుతూ త్వరగా మానదు. శస్త్రచికిత్స అవసరమైన సందర్భాలు కూడా ఉన్నాయి. కింది దవడ పట్టీలో చిక్కుకొని నోరు గాయపడటం మరొక ప్రమాదం. 'పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం' అన్నది లోకోక్తి. ఇక్కడ యజమానికి అలంకారం, పిల్లికి ప్రాణసంకటం అవుతున్నది.

అలాగని పట్టీని పూర్తిగా త్యజించడమూ వివేకం కాదు. ఇల్లు కదలని పిల్లి సైతం ఏదో ఒకనాడు తెరచిన తలుపులోంచి వెలుపలికి పోవచ్చు. పరాయి వీధిలో అది కనిపించినప్పుడు దిక్కులేని వీధిపిల్లి అని జనం భావిస్తారే తప్ప, దానికొక ఇల్లున్నదని ఊహించరు. మెడలో పట్టీ, ఆ పట్టీపై యజమాని ఫోను నెంబరు ఉంటే దానిని ఇల్లు చేర్చే అవకాశం పెరుగుతుంది. ఆ విధంగా పట్టీ మూగజీవికి మాటలా ఉపకరిస్తుంది.

కాబట్టి ప్రమాదం ఎంత, ప్రయోజనం ఎంత అని తూచి చూడటమే సరైన మార్గం. అమెరికాలో పశువైద్య పరిశోధకులు 538 పెంపుడు పిల్లులకు మూడు రకాల పట్టీలు కట్టి ఆరు నెలలపాటు పరిశీలించారు. ఫలితాలు 2010లో వెలువడ్డాయి. 391 పిల్లులు, అనగా దాదాపు 73 శాతం, ఆ కాలమంతా పట్టీని ధరించగలిగాయి. 18 పిల్లుల విషయంలో మాత్రం ముంగాలు పట్టీలో ఇరుక్కోవడమో, పట్టీ నోటిలోనో మరొక వస్తువుకో చిక్కుకోవడమో జరిగింది. ఇది నూటికి మూడు పైచిలుకు. పిల్లులు పట్టీకి అలవాటు పడవన్న అభిప్రాయం చాలావరకు సరికాదని, అయినా ప్రమాదాన్ని తోసిపుచ్చరాదని ఈ సంఖ్యలు తెలుపుతున్నాయి.

ఆ ప్రమాదాన్ని తగ్గించేందుకు ఏర్పడినదే భద్రతాపట్టీ. బలంగా లాగినప్పుడు దీని బకిల్ దానంతట అదే విడిపోతుంది. పట్టీ పోయినా ప్రాణం దక్కుతుంది. కుక్కల కోసం తయారైన గట్టి బకిల్ పట్టీలకు ఈ గుణం ఉండదు. సాగే ఎలాస్టిక్ పట్టీ క్షేమకరమని కొందరు భ్రమపడతారు. నిజానికి అది సాగినప్పుడే కాలు, దవడ లోపలికి దూరేందుకు చోటు దొరుకుతుంది. పట్టీకీ మెడకూ నడుమ ఒకటి రెండు వేళ్ళు పట్టేటంత ఎడం ఉండాలి. అంతకంటె బిగువైతే మెడ ఒరుసుకొంటుంది. వదులైతే కాలు ఇరుక్కొంటుంది. త్వరగా ఎదిగే పిల్లి కూనల విషయంలో ఈ ఎడాన్ని తరచుగా సరిచూడాలి.

పట్టీకి గంట కట్టే ఆచారం కూడా ఉంది. గంట కట్టిన పిల్లులు వట్టి పట్టీ ఉన్న పిల్లుల కంటె 41 శాతం తక్కువ పక్షులను వేటాడి ఇంటికి తెచ్చినట్లు బ్రిటన్‌లో జరిగి, 2005లో వెలువడిన ఒక అధ్యయనం తెలిపింది. పిల్లి మెడలో గంట కట్టేదెవరని ఎలుకలు చింతించిన కథ అందరికీ తెలిసినదే. ఆ పని మనిషి చేస్తే పిచ్చుకలకు మేలు కలుగుతుందన్నమాట. ఇక గోమార్లను నివారించే మందు పట్టీల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. కుక్కల మందులలో వాడే పెర్మెత్రిన్ అనే రసాయనం పిల్లులకు విషతుల్యం. దానిని నిర్వీర్యం చేసే శక్తి పిల్లి కాలేయానికి చాలినంత లేదు. పశువైద్యుని సలహా లేనిదే అటువంటి పట్టీ కట్టరాదు.

పట్టీ ఊడిపోతే గుర్తింపు ఎలా? దీనికి సమాధానం మైక్రోచిప్. బియ్యపు గింజంత ఉండే ఈ సాధనాన్ని పిల్లి భుజాల నడుమ చర్మం కింద అమరుస్తారు. స్కానరుతో చూస్తే అందులోని సంఖ్య తెలుస్తుంది. ఆ సంఖ్యతో నమోదైన వివరాల ద్వారా యజమానిని గుర్తించవచ్చు. అది పిల్లి ఎక్కడున్నదో తెలిపే పరికరం కాదు. ఇంగ్లండులో పెంపుడు పిల్లులకు 20 వారాల వయస్సు నిండేలోగా మైక్రోచిప్ అమర్చడం 2024 జూన్ 10 నుంచి తప్పనిసరి అయింది. అయితే చిప్ కంటికి కనబడదు. దారినపోయే వ్యక్తి చేతిలో స్కానరు ఉండదు. కనుక భద్రతాపట్టీ, మైక్రోచిప్ ఒకదానికొకటి తోడు కావాలి.

సమస్త జీవులపట్ల కారుణ్యం కలిగి ఉండటం భారత రాజ్యాంగం 51ఎ(జి) అధికరణం పౌరులకు నిర్దేశించిన ప్రాథమిక విధి. కారుణ్యమంటే కేవలం ముద్దు చేయడం కాదు; తాను కట్టినది ఎదుటి ప్రాణికి ఎలా ఉన్నదో ప్రతిరోజూ వేలు పెట్టి చూడటం కూడా. తన బాధను మాటలలో చెప్పుకోలేని ప్రాణి విషయంలో ఆ శ్రద్ధ మరింత అవసరం.

ప్రశ్నలు
1. పిల్లి దేహనిర్మాణానికీ, పట్టీవల్ల కలిగే ప్రమాదాలకూ గల సంబంధాన్ని వివరించండి.
2. ఎలాస్టిక్ పట్టీ క్షేమకరమనే భావన ఎందుకు సరికాదు?
3. భద్రతాపట్టీ, మైక్రోచిప్ ఒకదానికొకటి ఎలా తోడ్పడతాయి?