మాస్టర్ ప్లాన్ గీత నేల మీదికి ఎలా వస్తుంది?

సివిల్ వాళ్లకి టౌన్ ప్లానింగ్ ఒక సబ్జెక్టు. మిగతా బ్రాంచ్‌ల వాళ్లకి అది కూడా కాదు. కానీ మనలో చాలామంది ఇళ్లల్లో ఏదో ఒక రోజు ప్లాటు కొంటారు. కాబట్టి ఈ పాఠం అందరిదీ. ఉదాహరణకి మా పడమటి కర్నూలు జిల్లా ఊళ్లు రెండు తీసుకుంటున్నాను: ఆదోని, ఎమ్మిగనూరు.

రెండు ఊళ్లు, రెండు అవసరాలు

ఆదోని మున్సిపాలిటీ 1865 నాటిది. పత్తి మార్కెట్, జిన్నింగ్ మిల్లులు, ముంబై–చెన్నై రైలు మార్గం, పక్కనే కోట కొండలు. 2011 లెక్కల్లో జనాభా సుమారు 1.66 లక్షలు. అక్కడికి దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో ఎమ్మిగనూరు. 1938లో మాచాని సోమప్ప స్థాపించిన చేనేత సహకార సంఘంతో పేరు తెచ్చుకున్న ఊరు. జనాభా 95 వేలు. కేంద్రం 2014లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 50 వేల నుంచి 5 లక్షల దాకా ఉన్నవన్నీ మధ్య తరహా పట్టణాలే. అంటే కాగితం మీద రెండూ ఒకే కోవ.

నేల మీద మాత్రం కాదు. ఆదోనికి పత్తి లారీలు ఊరి మధ్యకి రాకుండా పోయే దారి కావాలి. ఎమ్మిగనూరు సమస్య ఇంకోటి. ప్లాన్‌లో పసుపు అంటే నివాసం, ఊదా అంటే పరిశ్రమ. ఇంట్లోనే మగ్గం ఉన్న వీధికి ఏ రంగు వేయాలి? పసుపు వేసి ఊరుకుంటే పని ఆగుతుంది, ఊదా వేస్తే మనుషులు లేనట్టే. దానికి మిశ్రమ వినియోగం అని విడిగా రాయాల్సిందే.

గీత మందం ఎంత?

అమృత్ పథకంలో ఆదోని లాంటి పట్టణాలకి జీఐఎస్ మాస్టర్ ప్లాన్లు 1:4000 స్కేలులో చేయాలన్నారు. అంటే మ్యాపు మీద 1 మిల్లీమీటరు నేల మీద 4 మీటర్లు. అర మిల్లీమీటరు గీత గీస్తే దాని మందమే 2 మీటర్లు! ఒకరి వసారా మొత్తం ఆ గీతలో పోవచ్చు. అందుకే అమలులో మొదటి పని సర్వే నంబర్లవారీగా కొలిచి, రోడ్డు హద్దురాళ్లు పాతడం.

పాత వీధి, కొత్త పొలం

పాత వీధిలో రోడ్డు వెడల్పు ఎలా జరుగుతుందో చూడండి. ఇల్లు పడగొట్టి కట్టేవాళ్లు అనుమతికి వచ్చినప్పుడు రోడ్డుకి పోయే స్థలం వదలాలి. బదులుగా టీడీఆర్ బాండో, సెట్‌బ్యాక్ సడలింపో ఇస్తారు. వీధిలో 100 ఇళ్లున్నాయనుకుందాం. ఏటా 2 ఇళ్లు కొత్తగా కడితే, 20 ఏళ్ల ప్లాన్ ముగిసేసరికి 40 ఇళ్లే వెనక్కి జరుగుతాయి. రోడ్డు పళ్లూడిన దువ్వెనలా ఉంటుంది. ఒకేసారి చేయాలంటే పరిహారానికి డబ్బు కావాలి. చిన్న మున్సిపాలిటీకి అదే కష్టం.

ఊరి అంచున పొలాల్లో అదే రోడ్డు చాలా చౌక. 2017 లేఅవుట్ నిబంధనల ప్రకారం 10 శాతం స్థలం ఖాళీగా వదలాలి. 5 ఎకరాల లేఅవుట్ అయితే 50 సెంట్లు, అంటే 2,420 గజాల పార్కు ఉచితంగా వచ్చినట్టు. అదే 5 ఎకరాలు అనుమతి లేకుండా అమ్ముడుపోతే పార్కూ ఉండదు, ప్లాన్ రోడ్డు మధ్యలో తెగిపోతుంది. తర్వాత క్రమబద్ధీకరణ పేరుతో డబ్బు కట్టించుకున్నా, ఆ డబ్బుతో ఆ చోట నేల మళ్లీ పుట్టదు కదా!

కాబట్టి నా లెక్కలో వరుస ఇది: ముందు వాగులు, చెరువుల హద్దులు, తర్వాత అంచు రోడ్లు, చివరికి పాత వీధులు. మనం చేసేది సాధారణంగా దీనికి తలకిందులు. గొడవ ఎక్కడుంటే చూపు అక్కడికే పోతుంది.

సుగ్గికి పోయినవాళ్ల మాట

ముసాయిదా ప్లాన్ మీద అభ్యంతరాలు చెప్పే హక్కు చట్టం అందరికీ ఇచ్చింది. కానీ మా వైపు వేల కుటుంబాలు మిరప కోతలకి గుంటూరు వైపు సుగ్గికి పోతాయి. ఇంటికి తాళం, పిల్లలు కూడా వెంటే. సరిగ్గా ఆ నెలల్లోనే నోటీసు అంటిస్తే ఎవరు చదువుతారు? వాళ్ల రేకుల ఇంటి మీదుగా 60 అడుగుల గీత పోయిందన్న సంగతి మార్కింగ్ వేసే రోజే తెలుస్తుంది. నోటీసు సుగ్గి అయ్యాక ఇవ్వడానికి రూపాయి ఖర్చు లేదు. వార్డు సచివాలయంలో మ్యాపు పెట్టి, సర్వే నంబరు చెబితే చూపించే మనిషి ఒకరుంటే చాలు.

74వ రాజ్యాంగ సవరణ పట్టణ స్థానిక సంస్థల కోసం చేర్చిన 12వ షెడ్యూలులో 18 అంశాలున్నాయి. అందులో మొట్టమొదటిది పట్టణ ప్రణాళిక. అంటే ఇది మన వార్డు స్థాయి పని.

ఈ సెలవుల్లో చిన్న అభ్యాసం చేయండి. మీ ఇంటి సర్వే నంబరు కనుక్కోండి. మీ ఊరి ప్లాన్‌లో ఆ నంబరు ఏ రంగులో ఉందో, పక్కన ఏ రోడ్డు గీశారో చూడండి. తర్వాత టేపు పట్టుకుని ఆ రోడ్డు కొలవండి. రెండు అంకెల మధ్య తేడా ఎంతో మన తర్వాతి సంచికకి రాసి పంపండి.