విడాకుల ఖర్చు: ఫీజు ఎంత, భరణం ఎంత, వాయిదాలెన్ని?

ప్రశ్న: పెళ్లయి మూడేళ్లు. పిల్లలు లేరు. భార్యాభర్తలిద్దరూ హైదరాబాద్‌లో ఉద్యోగస్థులే. గొడవ లేకుండా విడిపోదలచిన ఇటువంటి జంటకు మొత్తం ఎంత ఖర్చవుతుంది?

జవాబు: ఉన్న దారులన్నిటిలో తక్కువ ఖర్చుతో తేలేది ఇదే. కనీసం ఏడాదిగా విడిగా ఉంటూ, ఇక కలిసి బతకడం సాధ్యం కాదని ఇద్దరూ ఒప్పుకొన్నప్పుడు హిందూ వివాహ చట్టం, 1955లోని 13-బి సెక్షను కింద ఉమ్మడిగా వేసే పిటిషన్‌ను పరస్పర అంగీకార విడాకుల పిటిషన్ అంటారు. ఇక్కడ 'విడిగా' అంటే వేరువేరు ఇళ్లలో కాపురముండటమనే కాదని, ఒకే కప్పు కింద ఉన్నా దాంపత్య జీవితం లేకపోతే చాలునని సుప్రీంకోర్టు 1991లోనే వివరించింది. కోర్టు ఫీజు నామమాత్రం కాబట్టి ఖర్చంతా న్యాయవాది ఫీజుదే. అది సాధారణంగా వేలల్లో ముగుస్తుంది. పేరున్న న్యాయవాది దగ్గరకు వెళితే లక్ష దాటినా దాటవచ్చు గానీ, ఈ రకం కేసులో చేయవలసిన పని ఎక్కడైనా దాదాపు ఒకటే.

మొదటి విచారణకూ రెండో విచారణకూ మధ్య ఆరు నెలల గడువు ఉంటుంది, పద్దెనిమిది నెలల లోపు రెండో విచారణకు రావాలి. ఈ ఆరు నెలలు తప్పనిసరి కాదని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే పిటిషన్ వేసేనాటికే ఏడాదిన్నరగా విడిగా ఉండటం, రాజీ ప్రయత్నాలు విఫలం కావడం, భరణం వంటి లెక్కలన్నీ తేలిపోవడం చూశాకే కోర్టులు ఆ గడువును మాఫీ చేస్తాయి.

అసలు ఖర్చు దాగి ఉండేది రాజీ ఒప్పందంలో వదిలేసిన ఖాళీలలో. ఉమ్మడి లాకరులోని బంగారం ఎన్ని గ్రాములు, ఏ నగ ఎవరిది, ఒకరి పేరున ఉండి ఇద్దరూ కడుతున్న కారు లోను ఇకపై ఎవరు కడతారు, అద్దె ఇంటి అడ్వాన్సు ఎవరికి తిరిగి వస్తుంది, పీఎఫ్‌లోనూ బీమా పాలసీలోనూ నామినీ పేరు ఎప్పుడు మారుతుంది అన్నవి రాయకుండా 'అన్ని లెక్కలూ తేలిపోయాయి' అని ఒక్క వాక్యంతో సరిపెట్టిన ఒప్పందాలే తర్వాత కొత్త కేసులకు దారితీస్తాయి. రెండో విచారణ పూర్తయ్యేలోపు ఎవరైనా అంగీకారాన్ని వెనక్కి తీసుకోవచ్చునని అదే 1991 తీర్పు చెప్పింది కాబట్టి, ఇవ్వవలసిన సొమ్ములో కొంత మొదటి విచారణ రోజునా, మిగిలినది రెండో విచారణ రోజున కోర్టులోనే డిమాండ్ డ్రాఫ్టుగానూ ఇచ్చి, ఆ డ్రాఫ్టు నంబరును ఒప్పందంలో రాయించుకోవడం వాడుకలో ఉన్న జాగ్రత్త.

ప్రశ్న: భార్య గృహిణి, నాలుగేళ్ల పాప ఉంది. భర్త ప్రైవేటు ఉద్యోగి, చేతికి వచ్చే జీతం 52 వేలు. విడాకులకు ఒకరు ఒప్పుకోవడం లేదు. నెలకు జీతంలో పావు వంతు ఇవ్వాలన్నది నిజమేనా?

జవాబు: పావు వంతు అన్నది చట్టంలో ఎక్కడా లేదు. 2017లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో భర్త నికర జీతంలో 25 శాతం సమంజసమని అనడంతో ఆ మాట ఊరూరా పాకింది. కానీ ఆ కేసులోనే భర్త నికర జీతం 95 వేల పైచిలుకు ఉండగా, అతనికి మరో కుటుంబం కూడా ఉన్నందువల్ల కోర్టు చివరికి 20 వేలే ఖరారు చేసిందన్న సంగతి ఆ శాతాన్ని చెప్పుకునేవారు సాధారణంగా చెప్పరు. భరణానికి ఇదీ అని ఒక స్థిరమైన సూత్రం లేదని, ఇరుపక్షాల హోదా, అవసరాలు, సంపాదన, భార్య చదువు, పిల్లల బాధ్యత అన్నీ తూచి నిర్ణయించాలని 2020 నవంబరులో రజనీశ్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు ప్రమాణపూర్వకంగా వెల్లడించే అఫిడవిట్లు దాఖలు చేయాలన్న నియమం కూడా ఆ తీర్పుతోనే వచ్చింది.

52 వేలకు పావు వంతు 13 వేలు. పాప బడి ఫీజు, వైద్యం దానికి అదనంగా అడగవచ్చు. నికర జీతం లెక్కగట్టేటప్పుడు కోర్టులు మామూలుగా ఆదాయపు పన్ను, తప్పనిసరి పీఎఫ్ వంటివాటిని తీసివేస్తాయే తప్ప, కేసు మొదలయ్యాక ఎత్తిన పర్సనల్ లోను వాయిదాలను చూసి కరిగిపోవు.

వివాదం నడుస్తున్న కాలంలో పోషణకు, కోర్టు ఖర్చులకు ఇప్పించే సొమ్మును మధ్యంతర భరణం అంటారు. హిందూ వివాహ చట్టం 24వ సెక్షను కింద దీన్ని భార్యే కాదు, ఆదాయం లేని భర్త కూడా అడగవచ్చు. నోటీసు అందిన 60 రోజుల్లో ఈ దరఖాస్తును వీలైనంత వరకు తేల్చాలని చట్టం అంటుంది, వాయిదాల తీరు మాత్రం వేరు. భరణాన్ని దరఖాస్తు వేసిన తేదీ నుంచే లెక్కగట్టాలని 2020 తీర్పు చెప్పినందువల్ల, ఉత్తర్వు రావడానికి 20 నెలలు పట్టిందనుకుంటే 13 వేల చొప్పున 2 లక్షల 60 వేల బకాయి ఒక్కసారిగా మీద పడుతుంది. కేసు సాగదీయడం భర్తకు లాభమన్న పాత ఊహ ఇక్కడే దెబ్బతింటుంది. విడాకుల పిటిషన్‌లో ఒకటి, గృహహింస చట్టం కింద ఒకటి, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షను కింద ఒకటి, ఇలా మూడు చోట్ల భరణం అడిగినా మూడూ కూడవు. ఒకచోట వచ్చినది మరోచోట సర్దుబాటు చేస్తారు, కాబట్టి మూడు కేసుల ఫీజు పెట్టేముందు ఆ లెక్క చూసుకోవలసిందే.

క్రూరత్వం, విడిచిపెట్టిపోవడం వంటి ఆరోపణలతో పోరాడే కేసుకు న్యాయవాదులు కొందరు మొత్తంగా, కొందరు వాయిదాకు ఇంతని తీసుకుంటారు. సాక్షుల విచారణ, క్రాస్ ఎగ్జామినేషన్, హైకోర్టులో అప్పీలు కలిస్తే అది లక్షల్లోకి పోవడం మామూలే. భార్య శ్రీకాకుళంలోనూ భర్త హైదరాబాద్‌లోనూ ఉన్నప్పుడు రానుపోను చార్జీలు, సెలవులు అదనం. భార్య తానున్న చోటే విడాకుల పిటిషన్ వేసే వీలు 2003 సవరణతో వచ్చింది. భర్త మరో రాష్ట్రంలో వేసిన కేసును తన ఊరికి మార్పించుకోవాలంటే సుప్రీంకోర్టుకు వెళ్లాలి, ఆ ఖర్చు వేరు. వేధింపుల క్రిమినల్ కేసు కూడా నడుస్తూ ఉంటే, రాజీ కుదిరాక దాన్ని కొట్టేయించుకోవడానికి హైకోర్టులో మరో పిటిషన్ పడుతుందని ముందే లెక్కలో వేసుకోవాలి.

ప్రశ్న: కూలి చేసుకునే కుటుంబం. కోర్టుకు వెళ్లే స్తోమత లేక ఊరి పెద్దల సమక్షంలో వంద రూపాయల స్టాంపు పేపరు మీద విడాకులు రాసుకున్నారు. ఇది చెల్లుతుందా?

జవాబు: చాలావరకు చెల్లదు. ఆ కులంలో లేదా ఆ ప్రాంతంలో అనాదిగా విడాకుల ఆచారం ఉన్నట్టు రుజువైతే హిందూ వివాహ చట్టం 29వ సెక్షను దాన్ని కాపాడుతుంది. కానీ రుజువు చేయవలసిన భారం ఆచారం ఉందన్నవారిదే, అదీ మళ్లీ కోర్టులోనే. రుజువు కాని పక్షంలో ఆ కాగితాన్ని నమ్మి చేసుకున్న రెండో పెళ్లి చెల్లని పెళ్లి అవుతుంది. చవకగా కనిపించే ఈ పద్ధతి వితంతు పింఛను కోసమో, ఉద్యోగి మరణానంతర ప్రయోజనాల కోసమో కాగితాలు అడిగిన రోజున ఎంత ఖరీదైనదో తెలుస్తుంది.

స్తోమత లేదన్న కారణంతో కోర్టు మెట్లు ఎక్కకుండా ఉండనవసరం లేదు. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం, 1987లోని 12వ సెక్షను ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డ్ కులాల, తెగల వారికి, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాదిని ఇస్తారు. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో గానీ, 15100 నంబరుకు ఫోను చేసి గానీ అడగవచ్చు. ఇక 'కూలివాణ్ణి, ఏమీ ఇవ్వలేను' అన్న వాదన విషయానికొస్తే, ఒంట్లో సత్తువ ఉన్న భర్త కాయకష్టం చేసైనా భార్యాబిడ్డలను పోషించాలని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. ఉత్తర్వు వచ్చాక బకాయి పడితే, సొమ్ము చెల్లించవలసిన తేదీ నుంచి ఏడాదిలోపు వసూలుకు దరఖాస్తు వేయాలి. ఊరుకుంటే నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షను కింద ఆ నెలల సొమ్ముకు వారంటు అడిగే వీలు పోతుంది.

ప్రశ్న: భర్తకు ఊళ్లో పొలం, పట్నంలో రెండు ఫ్లాట్లు, వ్యాపారం ఉన్నాయి. విడాకులైతే సగం ఆస్తి భార్యకు వస్తుందా?

జవాబు: రాదు. పెళ్లి తర్వాత సంపాదించినదంతా ఉమ్మడి ఆస్తిగా భావించి చెరిసగం పంచే పద్ధతి భారతదేశపు హిందూ చట్టంలో లేదు. దస్తావేజు ఎవరి పేరున ఉంటే ఆస్తి వారిదే. అత్తమామల ఆస్తిలో కోడలికి వాటా అసలు లేదు. స్త్రీధనం మాత్రం, అంటే పుట్టింటివారు, అత్తింటివారు ఆమెకు పెట్టిన నగలు, కానుకలు, సారె సామాను, పూర్తిగా ఆమె సొంతం. అవి భరణం లెక్కలోకి రావు, భరణం ఇచ్చినంత మాత్రాన అట్టిపెట్టుకోవడానికీ వీలు లేదు. నగల తూకం, కొన్న రసీదులు, పెళ్లి ఫొటోలు భద్రంగా ఉన్నవారికి ఈ విషయంలో సగం కేసు గెలిచినట్టే.

హిందూ వివాహ చట్టం 25వ సెక్షను కింద ఇప్పించే శాశ్వత భరణం ఆస్తిలో వాటా కాదు గానీ, ఎదుటివారి ఆస్తిని చూసే కోర్టు దాన్ని నిర్ణయిస్తుంది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కొన్ని రోజుల తేడాతో ఇచ్చిన రెండు తీర్పుల్లో ఒకదానిలో భార్యకు 5 కోట్లు, కొడుకుకు కోటి, మరొకదానిలో భార్యకు 12 కోట్లు నిర్ణయించింది. ఈ రెండో కేసు పత్రికల్లో అంకె కోసమే ఎక్కువగా కనిపించింది గానీ, విడిపోయాక భర్త ఎంత సంపన్నుడైతే అంత హోదాకు భార్యను సమానం చేయడం భరణం ఉద్దేశం కాదని కోర్టు అందులో చెప్పిన మాటే మామూలు కుటుంబాలకు అక్కరకు వచ్చేది.

ఒకేసారి తీసుకోవడమా, నెలనెలా తీసుకోవడమా అన్నది అంకెలతో చూడాలి. 20 లక్షలు బ్యాంకులో 7 శాతం వడ్డీకి వేస్తే నెలకు 11,600 రూపాయల పైన వస్తుంది, అసలు అలాగే ఉంటుంది. నెలకు 15 వేల చొప్పున 20 ఏళ్లకు 36 లక్షలు అని వినడానికి పెద్దగా ఉన్నా, అది అవతలివారి ఉద్యోగం, ఆరోగ్యం, మనసు నిలకడగా ఉన్నంత వరకే అందుతుంది. ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆపించమని అతను కోర్టును అడగవచ్చు. పైగా ఒకేసారి వచ్చే మొత్తాన్ని మూలధన రాబడిగా చూసి పన్ను వేయరు, నెలనెలా వచ్చేదాన్ని ఆదాయంగా లెక్కిస్తారు. ఇచ్చేవారికి మాత్రం రెండింటిలోనూ పన్ను మినహాయింపు ఉండదు. అవతలివారు మాట తప్పే అవకాశమున్న చోట ఒకేసారి తీసుకోవడమే మేలు.

వచ్చిన భరణంలో ఇంత శాతమని అడిగే న్యాయవాదులు కొన్నిచోట్ల కనిపిస్తారు. ఫలితాన్ని బట్టి ఫీజు తీసుకోకూడదన్నది బార్ కౌన్సిల్ నియమం. తెలంగాణ నుంచే వెళ్లిన ఒక కేసులో శాతం లెక్కన ఫీజు అడగడం వృత్తి ధర్మానికి విరుద్ధమని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. అలాంటి ఒప్పందం మీద సంతకం పెట్టనవసరం లేదు.

ప్రశ్న: ముస్లిం మహిళకు తలాఖ్ తర్వాత మెహర్, ఇద్దత్ (తలాఖ్ తర్వాత వేచి ఉండే) కాలపు ఖర్చు తప్ప మరేమీ రాదంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదు. తలాఖ్ తర్వాత కూడా నెలవారీ భరణం అడగవచ్చునని 2024 జూలై 10న సుప్రీంకోర్టు తెలంగాణకు చెందిన కేసులోనే తీర్పు చెప్పింది. ఆ కేసులో ఫ్యామిలీ కోర్టు నెలకు 20 వేలు ఇవ్వమంటే హైకోర్టు 10 వేలకు తగ్గించగా, భర్త అదీ ఇవ్వనక్కరలేదని వాదించి ఓడిపోయాడు. పెళ్లినాడు రాసుకున్న మెహర్ దీనికి వేరుగా రావలసినదే.

ప్రశ్న: భర్త టెక్సాస్‌లో ఉద్యోగం, భార్య హెచ్-4 వీసా మీద వెళ్లి ప్రస్తుతం గుంటూరులో పుట్టింట్లో ఉంది. అతను అక్కడే విడాకుల కేసు వేశాడు. ఖర్చు ఎక్కడ తక్కువ?

జవాబు: ముందు చూడవలసింది అక్కడి తీర్పు ఇక్కడ నిలుస్తుందా అన్నది. 1975లో తిరుపతిలో జరిగిన ఒక పెళ్లికి సంబంధించి భర్త అమెరికాలోని మిస్సోరి కోర్టు నుంచి విడాకులు తెచ్చుకుని యాదగిరిగుట్టలో మళ్లీ పెళ్లి చేసుకోగా, ఆ విడాకులు ఇక్కడ చెల్లవని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. పెళ్లి ఏ చట్టం కింద జరిగిందో ఆ చట్టంలోని కారణాల మీదే తీర్పు ఉండాలని, రెండో పక్షం ఆ కోర్టు పరిధికి మనస్ఫూర్తిగా లోబడి పాల్గొని ఉండాలని అందులో చెప్పింది. కాబట్టి టెక్సాస్ నోటీసు చేతికి రాగానే భయంతో అక్కడ వకాలత్ వేసి జవాబివ్వడమూ, అసలు పట్టించుకోకపోవడమూ రెండూ తొందరపాటే. గుంటూరు న్యాయవాది సలహాతో, ఆ కోర్టు పరిధికి లోబడటం లేదన్న అభ్యంతరాన్ని రాతపూర్వకంగా నమోదు చేయించడం సాధారణంగా ఎంచుకునే మార్గం.

అయితే డబ్బు కోణం నుంచి లెక్క తారుమారు కావచ్చు. టెక్సాస్‌లో పెళ్లి తర్వాత సంపాదించినది ఉమ్మడి ఆస్తి. అక్కడి ఇల్లు, రిటైర్‌మెంట్ ఖాతా, కంపెనీ షేర్లలో ఆమెకు న్యాయమైన వాటా ఉంటుంది, గుంటూరు కోర్టు ఇవ్వలేనిది అదే. ఒక బిడ్డ ఉంటే తండ్రి నికర ఆదాయంలో 20 శాతం, ఇద్దరైతే 25 శాతం పిల్లల పోషణకు కేటాయించే మార్గదర్శకం కూడా అక్కడ ఉంది. మరోవైపు అక్కడి న్యాయవాదులు గంటల లెక్కన డాలర్లలో ఫీజు తీసుకుంటారు, విడాకులు మంజూరైతే ఆమె హెచ్-4 హోదా ముగిసిపోతుంది. అందువల్ల పెళ్లయి ఏడాదీ రెండేళ్లే అయి, అక్కడ చెప్పుకోదగ్గ ఆస్తి కూడబెట్టని కేసులో ఇక్కడే ఉమ్మడి పిటిషన్‌కు ఒప్పించడం మంచిది. పదేళ్ల కాపురం, అక్కడ ఇల్లు, ఖాతాలు ఉన్న కేసులో టెక్సాస్ న్యాయవాదితో ఒకసారి ఫీజు ఇచ్చి మాట్లాడకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకూడదు.