జెన్‌లో ఎస్టీమ్ ఇంజిన్: స్వాప్‌కి ముందు వేసుకోవాల్సిన ప్లాన్

రోజూ ఫోన్ల ప్రాసెసర్లు పోల్చుకుంటాం కదా, ఈసారి కారు ప్రాసెసర్ మార్చడం గురించి మాట్లాడుకుందాం. మా ఇంట్లో నాన్న కొన్న 2001 మారుతి జెన్ ఉంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో పిల్లర్ల పక్కన రోజూ తిరిగే బండి. పేరుకి మారుతి అయినా దాని మూలం జపాన్ సుజుకి సెర్వో మోడ్. దాంట్లో ఎస్టీమ్ ఇంజిన్ వేద్దామని మూడు నెలలు ప్లాన్ చేశా. నేను నేర్చుకున్నది ఇది.

ఎస్టీమ్ ఇంజినే ఎందుకు?

జెన్‌ది 993 సీసీ, 60 బీహెచ్‌పీ. ఎస్టీమ్‌ది 1298 సీసీ, 16 వాల్వులు, 85 బీహెచ్‌పీ. రెండూ సుజుకి జీ సిరీస్ కుటుంబమే, అందుకే ఈ స్వాప్ మన దేశంలో అంత పాపులర్. జెన్ బరువు సుమారు 765 కేజీలు అనుకుంటే, టన్నుకి 78 బీహెచ్‌పీ ఉన్నది 111 అవుతుంది. లెక్క చూస్తేనే చేయి దురద పెడుతుంది!

ప్లాన్‌లో ఏమేం ఉండాలి?

1. డోనర్: ఇంజిన్ ఒక్కటే కొనకండి. ఈసీయూ, వైరింగ్, సెన్సార్లు, గేర్‌బాక్స్ అన్నీ ఒకే బండివి తీసుకోండి. సగం సగం తెస్తే, వేరే ఫోన్ రోమ్‌ని మన ఫోన్‌లో ఫ్లాష్ చేసినట్టే ఉంటుంది.

2. కంప్రెషన్ టెస్ట్: నాలుగు సిలిండర్ల రీడింగ్ తీయించండి. వాటి మధ్య తేడా 10 శాతం దాటితే ఆ ఇంజిన్ వదిలేయండి. "సౌండ్ బాగుంది" అనే మాట టెస్ట్ కాదు.

3. ఫాల్ట్ కోడ్స్: ఆన్‌లైన్‌లో దొరికే బ్లూటూత్ స్కానర్‌ని నమ్ముకోకండి. మన దేశంలో ఓబీడీ తప్పనిసరి అయింది 2010లో, భారత్ స్టేజ్ 4 టైమ్‌లో. పాత బండికి మల్టీమీటర్, వైరింగ్ డయాగ్రామే దిక్కు.

4. ఫిట్టింగ్: ఇంజిన్ మౌంట్లు, డ్రైవ్‌షాఫ్ట్ పొడవు, రేడియేటర్, ఎగ్జాస్ట్. అసలు ఖర్చు దాక్కునేది ఇక్కడే. బడ్జెట్‌లో పావు వంతు విడిగా పక్కన పెట్టండి.

5. బ్రేకులు, టైర్లు: ఇవి చివర్లో కాదు, ముందు. వేగం 60 నుంచి 80కి పెరిగితే బ్రేకులు ఆపాల్సిన శక్తి 80 కాదు, దాదాపు 1.8 రెట్లు అవుతుంది. ఎందుకంటే శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది.

అసలు బ్లాకర్

ఈ లిస్ట్ అంతా పట్టుకుని ఎల్బీనగర్‌లో మాకు తెలిసిన మెకానిక్ అన్న దగ్గరికి వెళ్లా. లిస్ట్ మొత్తం చదివి ఒకటే అడిగాడు: "తమ్మీ, ఇంజిన్ పెట్టుడు పెద్ద పని గాదు. ఆర్సీ ఏం జేస్తవ్?"

నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి చదివా. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ ప్రకారం ఓనర్‌కి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల ఫైన్, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. ఓనర్ అంటే నేను కాదు, నాన్న!

ఇంకోటి. ప్రైవేట్ కారు ఆర్సీ 15 ఏళ్లకి అయిపోతుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యూవల్. మా జెన్‌కి 2016లో, 2021లో అయింది, తర్వాతది 2026. అప్పుడు ఇంజిన్ నంబర్ ఆర్సీతో మ్యాచ్ కాకపోతే బండి రోడ్డెక్కదు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ కూడా రిస్కే. ఫోన్ రూట్ చేస్తే వారంటీ ఒక్కటే పోతుంది, ఇక్కడ బండే పోతుంది.

మరి నేనేం చేస్తున్నా?

స్వాప్ డ్రాప్ చేశా. ఉన్న ఇంజిన్‌నే విప్పించి రింగులు, వాల్వ్ సీల్స్, క్లచ్ మార్పిస్తున్నా. బ్రేకులు, సస్పెన్షన్ బుష్‌లు, కంపెనీ సైజ్‌లోనే మంచి టైర్లు. 85 బీహెచ్‌పీ రాదు, కానీ ఏళ్ల తరబడి అరిగిపోయిన 60 తిరిగొస్తుంది. మీ ఇంజిన్ పూర్తిగా పోయి ఉంటే, అదే రకం ఇంజిన్‌ని ఆర్టీవో అనుమతితో వేసి, కొత్త నంబర్ ఆర్సీలో ఎక్కించుకోండి. పెద్ద ఇంజినే కావాలంటే అది రోడ్డు మీదికి రాని ట్రాక్ కారుకే.

ప్లాన్ షీట్‌లో మొదటి లైన్ బీహెచ్‌పీ కాదు ఫ్రెండ్స్, ఆర్సీ. ఇంజిన్ కోసం అడ్వాన్స్ ఇచ్చే ముందే ఆ లైన్ రాసుకోండి. నాన్నకి ఈ విషయం చెప్తే, "బండి నా పేరు మీదుందని ఇప్పుడు గుర్తొచ్చిందా?" అన్నాడు. నిజమే మరి!