వినిపించని పలుకు, కనిపించని అక్షరం

పిల్లలూ! కృష్ణా డెల్టాలోని ఒక రైతును తలచుకోండి. విజయవాడ దగ్గర ప్రకాశం బరాజు నుండి బయలుదేరిన నీరు పెద్ద కాలువలోనికి వస్తుంది. అక్కడ నుండి పిల్లకాలువలోనికి, పిల్లకాలువ నుండి బోదెలోనికి, బోదె నుండి మడిలోనికి చేరుతుంది. ఒకనాడు మడికి నీరు రాలేదు. అప్పుడు తెలివిగల రైతు ఏమి చేస్తాడు? బరాజును నిందిస్తూ గట్టుమీద కూర్చోడు. పార భుజాన వేసుకొని కాలువ వెంట నడుస్తాడు. నీరు ఎంతవరకు వచ్చిందో, ఎక్కడ ఆగిపోయిందో చూస్తాడు. నీరు ఉన్న చోటికీ, లేని చోటికీ నడుమనే లోపం ఉన్నదని గ్రహిస్తాడు. ఆ ఒక్క తూము తలుపు ఎత్తుతాడు. నీరు పారుతుంది.

కంప్యూటరులో శబ్దం కూడా ఇలాగే ఒక దారి వెంట పారి మన చెవికి చేరుతుంది. బొమ్మ కూడా ఒక దారి వెంట వచ్చి మన కంటికి చేరుతుంది. శబ్దం వినిపించనప్పుడు, తెర నల్లబడినప్పుడు మనము కూడా ఆ రైతు వలె నడవాలి. ఎలా నడవాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

లినక్స్ అంటే ఏమిటి?

కంప్యూటరులోని యంత్రభాగాలన్నింటినీ కలిపి నడిపించే పెద్ద కార్యక్రమాన్ని నిర్వహణ వ్యవస్థ అంటారు. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన, ఎవరైనా స్వేచ్ఛగా వాడుకొని, చదివి, మార్చి, పంచుకోదగిన వ్యవస్థను తయారు చేస్తామని ప్రకటించాడు. దానికి గ్నూ అని పేరు పెట్టాడు. 1991లో ఫిన్లాండు దేశపు హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుతున్న లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి, ఇటువంటి వ్యవస్థకు గుండెకాయ వంటి భాగాన్ని వ్రాశాడు. అప్పటికి అతని వయస్సు 21 సంవత్సరాలు. ఆ భాగమే లినక్స్. దానిని కెర్నెల్ అంటారు. హైదరాబాదులోని స్వేచ్ఛ అనే సంస్థ తెలుగులో పనిచేసే లినక్స్ వ్యవస్థను విడుదల చేసింది. మెనూలు, సందేశాలు మన లిపిలో కనిపించేలా వాటి మాటలను అందులో తెలుగు చేశారు.

లినక్స్‌లో ఒక మేలు ఉన్నది. దాని లోపలి దారులు మూసి ఉండవు. ఎక్కడ ఏమి జరుగుతున్నదో అడిగితే చెబుతుంది. అయితే అడగడం మనకు తెలియాలి.

మెసైమీర్‌లో ఒక సాయంత్రం

ఖతర్ దేశపు రాజధాని దోహా. ఆ నగరపు దక్షిణ భాగంలో అబూ హమూర్ పక్కనే మెసైమీర్ ఉన్నది. బతుకుతెరువు కోసం వచ్చిన మనవారు దోహాలోని అనేక పేటలలో నివసిస్తున్నారు. అక్కడ వారపు సెలవు శుక్రవారం. మెసైమీర్‌లో ఉండే ఒక తెలుగు పిల్లవాడు శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు కంప్యూటరు ముందు కూర్చున్నాడు అనుకుందాం. మన దేశపు గడియారం ఖతర్ గడియారం కంటే రెండున్నర గంటలు ముందు నడుస్తుంది. కాబట్టి తెనాలిలో అప్పుడు ఏడు గంటలు. అమ్మమ్మ దీపం వెలిగించి, మనుమడితో మాట్లాడటానికి కూర్చున్నది.

తెరమీద అమ్మమ్మ కనిపించింది. ఆమె పెదవులు కదులుతున్నాయి. మాట మాత్రం వినిపించలేదు. పిల్లవాడు కంగారుపడ్డాడు. పక్కింటి అన్నయ్య వచ్చి చూసి, "ఇది ఇలా కాదురా. అంతా తుడిచేసి లినక్స్ మళ్ళీ ఎక్కించేద్దాం" అన్నాడు.

పిల్లలూ, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ కంప్యూటరులోనే చనిపోయిన తాతయ్య చెప్పిన కథల రికార్డులు ఉన్నాయి. వాటికి మరొక ప్రతి లేదు. అంతా తుడిచివేస్తే శబ్దం తిరిగి రావచ్చు. కాని తాతయ్య గొంతు తిరిగి రాదు. అందుచేత మొదటి నియమం ఇది: పోతే తిరిగి రానిదానికి ముందుగా ప్రతి తీసి వేరే చోట దాచాలి. ఆ తరువాతనే చేయి వేయాలి.

శబ్దం నడిచే దారి

శబ్దానికి అయిదు మజిలీలు ఉన్నాయి. మొదటిది, పాటనో మాటనో పలికించే కార్యక్రమం. రెండవది, శబ్దాలను పంపిణీ చేసే సేవకుడు. ఇప్పటి లినక్స్ వ్యవస్థలలో ఎక్కువగా దీని పేరు పైప్‌వైర్. కొంత పాత వ్యవస్థలలో పల్స్ ఆడియో ఉంటుంది. మూడవది, కెర్నెల్‌లో ఉండే ఆల్సా. ఇది సౌండు కార్డుతో మాట్లాడే దుబాసీ. నాలుగవది సౌండు కార్డు. అయిదవది తీగ, స్పీకరు.

ముందుగా కంటికి కనిపించే మజిలీని చూడాలి. స్పీకరుకు కరెంటు ఉన్నదా? తీగ సరియైన రంధ్రంలో ఉన్నదా? ఆ స్పీకరును ఒక ఫోనుకు తగిలించి చూడండి. అక్కడ మోగితే స్పీకరు మంచిదే. లోపం వెనుక ఉన్నది.

రెండవ పనిగా, వేరొక కార్యక్రమంలో ఒక పాట పెట్టండి. పాట వినిపించి, అమ్మమ్మ మాట మాత్రమే వినిపించకపోతే దారి అంతా బాగున్నట్లే. లోపం మాట్లాడే కార్యక్రమంలో గాని, అమ్మమ్మ వైపు మైకులో గాని ఉంటుంది. పాట కూడా వినిపించకపోతే లోపం అందరికీ ఉమ్మడి అయిన దారిలో ఉన్నది.

మూడవ పనిగా, శబ్దపు అమరికలు తెరవండి. పావుకంట్రోల్ అనే చిన్న పనిముట్టు ఉంటే మరీ మంచిది. అందులో ప్రతి కార్యక్రమానికి ఒక పట్టీ ఉంటుంది. శబ్దం వస్తున్నప్పుడు ఆ పట్టీ కదులుతుంది. పట్టీ కదులుతున్నది అంటే నీరు అక్కడివరకు వచ్చినట్లే! అటుపైన ఏ తూములోనికి పోతున్నదో చూడాలి. మన పిల్లవాడు ఇక్కడే కారణం కనుగొన్నాడు. ముందురోజు ఇంటిలో అందరూ సినిమా చూడటానికి కంప్యూటరును హెచ్‌డీఎంఐ తీగతో టీవీకి కలిపారు. ఆ తీగలో బొమ్మతోపాటు శబ్దం కూడా పోతుంది. ఆ తీగ ఇంకా తీయలేదు. కంప్యూటరు ఇప్పటికీ శబ్దాన్ని టీవీకే పంపుతున్నది. టీవీ ఆపి ఉన్నది. పిల్లవాడు శబ్దం వెళ్ళే చోటును స్పీకరుకు మార్చాడు. "ఏరా నాన్నా, ఇప్పుడైనా వినిపిస్తున్నదా?" అని అమ్మమ్మ గొంతు గదినిండా పలికింది. ఏదీ తుడిచివేయవలసిన పని లేకపోయింది.

పాత వీజీఏ తీగ సంగతి వేరు. దానిలో బొమ్మ మాత్రమే పోతుంది, శబ్దం పోదు. వీజీఏ తీగతో ప్రొజెక్టరుకు కలిపినప్పుడు స్పీకరుకు వేరే తీగ ఉండాలి.

ఇంతవరకు లోపం దొరకకపోతే ఆల్సా వద్దకు వెళ్ళాలి. టెర్మినల్ తెరిచి, ఆల్సామిక్సర్ అనే మాటను ఇంగ్లీషు చిన్న అక్షరాలతో, నడుమ ఖాళీ లేకుండా టైపు చేయాలి. తెరమీద నిలువు పట్టీలు కనిపిస్తాయి. పట్టీ అడుగున రెండు ఎం అక్షరాలు ఉంటే ఆ తూము మూసి ఉన్నదన్నమాట. ఎం మీటను నొక్కితే అక్కడ రెండు సున్నాలు వస్తాయి. తూము తెరుచుకుంటుంది. పైబాణం మీటతో శబ్దం పెంచాలి. కార్డులు ఒకటి కంటే ఎక్కువగా ఉంటే ఎఫ్ 6 మీటతో కార్డును ఎన్నుకోవాలి.

ఒక్కొక్కసారి అమరికలలో స్పీకరు పేరుకు బదులు డమ్మీ అవుట్‌పుట్ అనే మాట కనిపిస్తుంది. శబ్ద సేవకునికి సౌండు కార్డు దొరకలేదని దాని అర్థం. ముందు కంప్యూటరును ఒకసారి ఆపి మళ్ళీ వేయండి. అప్పటికీ అదే మాట వస్తే, కార్డును నడిపే డ్రైవరు గాని, ఫర్మ్‌వేర్ అనే సహాయక భాగం గాని లేకపోయి ఉండవచ్చు. అప్పుడు వ్యవస్థను తాజా చేసి చూడాలి. కొత్త ల్యాప్‌టాపులలో ఈ కారణం తరచుగా ఉంటుంది.

బ్లూటూత్ చెవిగొట్టాలు పెట్టుకొని మాట్లాడేటప్పుడు పాట నూతిలోనుండి వచ్చినట్లు వినిపిస్తే భయపడకండి. మైకు కూడా పనిచేయవలసి వచ్చినప్పుడు ఆ చెవిగొట్టాలు తక్కువ నాణ్యత గల దారికి మారుతాయి. మైకును కంప్యూటరుదిగా మార్చి, చెవిగొట్టాలను వినడానికి మాత్రమే ఉంచితే శబ్దం బాగుపడుతుంది.

తెర నల్లబడితే

తెరకు కూడా ఇదే పద్ధతి. మొదట కరెంటు చూడాలి. మన దేశపు ప్లగ్గుకు గుండ్రని పుల్లలు ఉంటాయి. ఖతర్‌లో వాడే ప్లగ్గుకు చదునైన మూడు పుల్లలు ఉంటాయి. ఆ ప్లగ్గులోపలే ఒక చిన్న ఫ్యూజు ఉంటుంది. అది పోయినా మానిటరు వెలగదు. ఫ్యూజు మార్చే పని పెద్దవారిది, మీరు ముట్టుకోకూడదు.

మానిటరు వెలుగుతూ, 'సిగ్నల్ లేదు' అని చెబుతుంటే తీగను చూడండి. మానిటరు మీద ఉన్న మీటతో, తీగ తగిలించిన ద్వారాన్నే ఎన్నుకున్నారో లేదో చూడండి.

అన్నీ బాగుండి తెర నల్లగానే ఉంటే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్ 3 మీటలను ఒకేసారి నొక్కండి. తెల్లని అక్షరాలతో లాగిన్ వరుస కనిపిస్తే కంప్యూటరు మేలుకొనే ఉన్నది. బొమ్మలు గీసే భాగం మాత్రమే నిలిచిపోయింది. మళ్ళీ వెనుకకు రావాలంటే ఎఫ్ 1 తోనో, ఎఫ్ 2 తోనో అలాగే నొక్కాలి.

కెర్నెల్‌ను తాజా చేసిన తరువాత తెర నల్లబడితే, కంప్యూటరు మొదలయ్యే వేళ వచ్చే గ్రబ్ అనే పట్టికలో పాత కెర్నెల్‌ను ఎన్నుకోవచ్చు. లేదా ఇ మీట నొక్కి, లినక్స్ అనే మాటతో మొదలయ్యే వరుస చివర నోమోడ్‌సెట్ అనే మాటను ఇంగ్లీషు అక్షరాలతో చేర్చి, ఎఫ్ 10 నొక్కవచ్చు. అప్పుడు కార్డు ప్రత్యేక డ్రైవరు లేకుండా సాదా తెర వస్తుంది. ఈ మార్పు ఆ ఒక్కసారికే పనిచేస్తుంది, కాబట్టి దీనివల్ల హాని లేదు. తెర వచ్చిన తరువాత సరియైన డ్రైవరును పెట్టుకోవాలి.

బొమ్మ వచ్చినా అక్షరాలు లావుగా, మసకగా ఉంటే తెర కొలత తప్పుగా ఉన్నది. ప్రతి మానిటరూ తన కొలతలను తీగ ద్వారా కంప్యూటరుకు చెప్పుకుంటుంది. తీగలో ఒక పుల్ల వంగితే ఆ కబురు చేరదు. కంప్యూటరు ఊహించి ఒక చిన్న కొలత పెడుతుంది. కావున డ్రైవరును అనుమానించే ముందు తీగను మార్చి చూడండి.

తెలుగు అక్షరం చెదిరితే

లినక్స్ పుట్టిన 1991లోనే యూనికోడ్ మొదటి కూర్పు కూడా వెలువడింది. ప్రపంచ లిపులలోని ప్రతి అక్షరానికి ఒక సంఖ్య ఇచ్చే ఏర్పాటు అది. అందులో మన లిపికి 128 స్థానాలు కేటాయించారు. 'స్త్రీ' అనే అక్షరం చూడటానికి ఒకటే. కాని కంప్యూటరు దానిని స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు సంఖ్యలుగా దాచుకుంటుంది. ఆ ఆరింటినీ చూసి, ఒత్తులు కూర్చి, ఫాంటులోని ఆకారాలతో తెరమీద గీస్తుంది.

కనుక తెలుగు పాఠం సరిగా కనిపించకపోతే రోగలక్షణాన్ని జాగ్రత్తగా చూడండి.

1. అక్షరాలకు బదులు ఖాళీ గళ్ళు కనిపిస్తే తెలుగు ఫాంటు లేదు. లోహిత్ తెలుగు, నోటో సాన్స్ తెలుగు, పోతన వంటి ఉచిత ఫాంటులలో ఒకటి పెట్టుకుంటే చాలు.

2. ఒత్తులు అక్షరాల కింద చేరక విడివిడిగా పడితే కూర్చే పని జరగలేదు. ఆ కార్యక్రమం పాతది. దానిని తాజా చేయాలి.

3. అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు కనిపిస్తే ఆ పాఠాన్ని యూనికోడ్‌లో గాక, అచ్చుశాలల పాత పద్ధతి ఫాంటులో టైపు చేశారు. దానిని యూనికోడ్‌లోనికి మార్చవలసిందే. ఎన్ని కొత్త ఫాంటులు పెట్టినా ఫలితం ఉండదు.

చూశారా! మూడింటికీ 'తెలుగు రావడం లేదు' అనే అంటాము. కాని మూడు రోగాలకు మూడు మందులు. 'పనిచేయడం లేదు' అనడం ఫిర్యాదు మాత్రమే. 'ఖాళీ గళ్ళు వస్తున్నాయి' అనడం సమాచారం. సహాయం అడిగేటప్పుడు సమాచారం ఇవ్వండి.

గుర్తుంచుకోవలసిన నియమాలు

1. విలువైన వాటికి ముందుగా ప్రతి తీయాలి.
2. ఒకసారి ఒక్క మార్పే చేయాలి. రెండు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.
3. చేసిన ప్రతి పనిని నోటుబుక్కులో వ్రాసుకోవాలి. పనిచేయని మార్పును వెనుకకు తీసుకోవాలి.
4. కంప్యూటరు చూపే సందేశాన్ని పూర్తిగా చదవాలి, ఉన్నది ఉన్నట్లు వ్రాసుకోవాలి.
5. అర్థం తెలియని ఆదేశాన్ని, ఎవరో చెప్పారని, అధికారపు సంకేతపదం ఇచ్చి నడపకూడదు.

కాలువ ఎంత పొడవైనా నడిచేవానికి లోపమున్న తూము దొరుకుతుంది. ఓర్పు, వరుస, నిజాయితీగా వ్రాసుకొన్న నాలుగు మాటలు ఉంటే చాలు.

అభ్యాసం

అ) క్రింది ప్రశ్నలకు జవాబులు వ్రాయండి.
1. మడికి నీరు రాని రైతుకూ, శబ్దం వినిపించని విద్యార్థికీ గల పోలిక ఏమిటి?
2. శబ్దం నడిచే అయిదు మజిలీలను వరుసగా వ్రాయండి.
3. పక్కింటి అన్నయ్య సలహాలో ఉన్న ప్రమాదం ఏమిటి?
4. 'ఫిర్యాదు', 'సమాచారం' అనే మాటలకు భేదం ఏమిటి? మీ సొంత ఉదాహరణ ఇవ్వండి.

ఆ) 'క్ష్మి' అనే అక్షరాన్ని కంప్యూటరు ఎన్ని సంఖ్యలుగా దాచుకుంటుందో విడదీసి వ్రాయండి.

ఇ) మీ ఇంటిలోని పెద్దవారి చేత ఒక కథ చెప్పించి రికార్డు చేయండి. దానికి రెండు ప్రతులు తీసి రెండు వేరు వేరు చోట్ల దాచండి.

పదాలు – అర్థాలు
బోదె = పొలంలోనికి నీరు పారే చిన్న కాలువ
తూము = నీటిని వదలడానికి, ఆపడానికి కట్టిన దారి
మజిలీ = ప్రయాణంలో ఆగే చోటు
దుబాసీ = ఒకరి భాషను మరొకరికి తెలియజెప్పేవాడు
ప్రతి = నకలు