ముందు ఒంటెను కట్టేయండి

2024 డిసెంబర్ 4 ఉదయం ఏడున్నర కావస్తుండగా ములుగు జిల్లాలో భూమి కంపించింది. తీవ్రత 5.3. హైదరాబాద్, ఖమ్మం, విజయవాడల్లో కూడా ఆ కదలిక తెలిసింది. అటువంటి క్షణంలో విశ్వాసి నాలుక మీదికి కలిమా దానంతటదే వస్తుంది. అయితే భూమి నిలకడైన తర్వాత మన ఇళ్లలో రెండు మాటలు వినిపిస్తుంటాయి. "ఇది ఫలానావారి పాపాలకు శిక్ష" అన్నది ఒకటి. "రాసిపెట్టినది జరుగుతుంది, మనం చేసేదేముంది?" అన్నది రెండోది. ఈ రెండింటినీ ధర్మం వెలుగులో పరిశీలిద్దాం.

దివ్యఖుర్ఆన్‌లోని జిల్జాల్ సూరా ప్రళయదినాన భూమి కంపించే తీరును మన ముందుంచుతుంది. కనుక భూకంపం వచ్చినప్పుడు ఎవరికి వారు ఆ దినాన్ని తలచుకుని తౌబా చేసుకోవాలి. ఇతరులపై తీర్పు చెప్పడం మన పని కాదు. కూలిన కట్టడం కింద మరణించిన విశ్వాసిని దైవప్రవక్త (స) షహీదుల్లో లెక్కించారని సహీహ్ బుఖారీలో ఉంది.

ఇక రెండో మాట. ఒంటెను కట్టేసి అల్లాహ్‌పై భారం వేయాలా, వదిలేసి వేయాలా అని ఒకతను అడిగితే, ముందు కట్టేయమని ఆయన (స) బోధించారు. తిర్మిజీలోని ఈ హదీసే తవక్కుల్‌కు అర్థం చెబుతోంది.

1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని లాతూర్ ప్రాంతంలో దాదాపు 10 వేల మంది చనిపోయారు. మట్టితో పేర్చిన బరువైన రాతి గోడలు నిద్రిస్తున్నవారి మీద కూలాయి. కాబట్టి ఇల్లు కట్టించేటప్పుడు లింటెల్ బీమును గోడలన్నింటినీ చుట్టివచ్చేలా వేయించాలి. ఇనుము, సిమెంటు తగ్గించి కట్టడం అమానత్‌లో ఖియానత్ చేయడమే.

ఈ రోజే ఇంట్లో చేయదగిన పనులు ఇవి:

1. బీరువాను గోడకు బిగించండి. మంచాల పైన అటకల మీద బరువులు పెట్టకండి.

2. గ్యాస్ రెగ్యులేటర్ కట్టేయడం ఇంట్లో అందరికీ నేర్పండి.

3. టార్చిలైటు, మంచినీళ్లు, మందులు, ముఖ్యమైన కాగితాలు ఒకే చోట ఉంచండి.

4. భూమి కంపిస్తుండగా మెట్ల మీద పరుగెత్తకండి, లిఫ్ట్ ఎక్కకండి. గట్టి బల్ల కింద దూరి, తల కాపాడుకోండి. బయట ఉంటే గోడలకు, కరెంటు స్తంభాలకు దూరంగా నిలబడండి.

నమాజులో ఉండగా ప్రాణాపాయం ఎదురైతే? నమాజు తెంచి ప్రాణం కాపాడుకోవాలి. తర్వాత మళ్లీ చేసుకోవచ్చు. ప్రాణం కూడా అల్లాహ్ మనకప్పగించిన అమానతే కదా!

ఈ రాత్రి ఇషా తర్వాత పిల్లలను కూర్చోబెట్టుకుని ఈ నాలుగు విషయాలూ చెబుదాం. ఆపైన చేతులెత్తి దుఆ చేద్దాం. అల్లాహ్ మన ఇళ్లను, మన పొరుగువారి ఇళ్లను కాపాడుగాక. ఆమీన్.