మనోభారము – ఏలీయాకు పెట్టిన భోజనము

(1 రాజులు 19:1–8)

ప్రియులారా, 2024 సెప్టెంబరులో మన మైలవరపు కొండల నీరు బుడమేరు నిండ వచ్చి, గట్లు తెగి, విజయవాడ సింగునగరును ముంచెను. చేలును మునిగెను. నీరు తీసెను గాని అప్పు తీరలేదు. "నిద్ర పట్టదు అయ్యగారూ, పిల్లలమీద ఊరక కోపము వచ్చుచున్నది" అనువారిని మేమెరుగుదుము.

ఇది అవిశ్వాసమని తొందరపడి అనకుడి. కర్మెలుమీద అగ్ని దిగుట చూచిన ఏలీయాయే యెజెబెలు బెదిరింపునకు పారిపోయి, బదరీవృక్షము క్రింద చావు కోరెను. దూత అతని గద్దింపలేదు. అప్పము, నీళ్లు, నిద్ర. లేపి మరల భోజనము. (మా బోటి బోధకులమైతే మూడంశముల ప్రసంగము చేసియుందుము!) దేవుడు పనిమాట ఎత్తినది ఆ తరువాతనే.

శరీరము సంగతి వినుడి. పాము ఎదురైనప్పుడు గుండె వేగమగుట, కండరములు బిగియుట మేలే. నెలల తరబడి అట్లేయున్న యెడల నిద్రయు ఆకలియు చెడును.

కాబట్టి కౌలు, పురుగుమందుల కొట్టు బాకీ కాగితముమీద వ్రాసి, ఇల్లాలితో కూర్చుండి చూడుడి. ఆమెకు తెలియక దాచిన అప్పు రెండింతలు బరువు. బ్రాందికొట్టు నిద్ర నిద్రకాదు. చావు తలంపు వచ్చెనా, ఒంటరిగా ఉండకుడి. ప్రభుత్వపు టెలిమానస్ 14416కు ఏ రాత్రియైనను ఖర్చులేక తెలుగులో మాటలాడవచ్చును. అట్టివాని ఇంటికి వెళ్లునప్పుడు ముందు అన్నపు గిన్నె తీసికొని పోవుడి. వాక్యము పిదప చదువవచ్చును.