తిరగేసి గుణించే ముందు

డైట్‌లో సీటొచ్చింది. రెండేళ్లు చదివి, టెట్ గట్టెక్కి, డీఎస్సీలో ఎస్జీటీ పోస్టు కొట్టాలన్నది మీ ప్లాను. బాగుంది. మరి ఐదో తరగతి లెక్కల సంగతేంటి? ‘అవి రాకపోవడమేంటండీ!’ అంటారు. సరే, ఒకటీ ముప్పావును అరతో భాగించండి. తిరగేసి గుణించి, ‘మూడున్నర’ అని ఠక్కున చెప్పేస్తారు. ఇప్పుడు ఆ భాగహారానికి సరిపోయే చిన్న కథ ఒకటి చెప్పండి, పదేళ్ల పిల్లకు అర్థమయ్యేలా.

కొందరు ఇక్కడే నీళ్లు నములుతారు. కొందరు ధీమాగా, ‘ఒకటీ ముప్పావు రొట్టెను ఇద్దరికి సమంగా పంచితే...’ అని అందుకుంటారు. అది రెండుతో భాగించడం. ఒక్కొక్కరికి ఒక రొట్టె కూడా రాదు. మూడున్నర ఎక్కణ్నుంచి వస్తుంది?

ఇదే లెక్కను లిపింగ్ మా అనే పరిశోధకురాలు అమెరికా, చైనా టీచర్ల ముందు పెట్టారు. సాంస్కృతిక విప్లవం రోజుల్లో షాంఘై నుంచి ఓ పల్లెకు పంపిస్తే అక్కడ బడిలో పాఠాలు చెప్పిన మనిషి ఆమె. తర్వాత అమెరికా వెళ్లి పరిశోధన చేసి, 1999లో దాన్ని పుస్తకంగా తెచ్చారు. అమెరికాలో 23 మందిని అడిగితే సరైన కథ చెప్పింది ఒక్కరే. చైనాలో 72 మందీ జవాబు రాబట్టారు, నూటికి తొంభై మంది కథా చెప్పారు. అసలు విషయం ఇంకోటుంది: అమెరికా వాళ్లు డిగ్రీలున్నవాళ్లు. చైనా టీచర్లలో ఎక్కువమంది తొమ్మిదో తరగతి తర్వాత రెండు మూడేళ్ల టీచర్ ట్రైనింగ్ అయినవాళ్లే. కాబట్టి ‘నాది ఇంటర్లో బైపీసీ, నాకు లెక్కలు రావు’ అనే సాకు ఇక పక్కన పెట్టేయండి.

కథ ఇంత సులువు: ఒకటీ ముప్పావు లీటరు పాలున్నాయి. అర లీటరు సీసాల్లో పోయాలి. ఎన్ని సీసాలవుతాయి? మూడు నిండుతాయి, పావు లీటరు మిగులుతుంది. అప్పుడు క్లాసులో ఎవరో ఒకరు ‘మూడుంపావు!’ అని అరుస్తారు. అరవాలనే కోరుకోండి, పాఠం అక్కడే ఉంది. మిగిలింది పావు లీటరే, కానీ మనం లెక్కపెడుతున్నది లీటర్లనా, సీసాలనా? పావు లీటరంటే సీసాలో సగం. అందుకే మూడున్నర. ఈ మెలిక ముందే తెలిసిన టీచరు ఆ పిల్లను కసరదు. మెలిక తెలియని టీచరు ‘తప్పు, కూర్చో’ అంటుంది.

కోచింగ్ సెంటర్లు ఈ మెలికలు నేర్పవు. వాళ్లను తప్పుపట్టలేం, వాళ్ల గోల వాళ్లది. టెట్ మొదటి పేపర్లో 150 మార్కులకు 30 గణితానివి. నాలుగు ఆప్షన్లలో ఒకటి పట్టుకోవడానికి షార్ట్‌కట్ చాలు. ఆ షార్ట్‌కట్‌నే బడికి మోసుకెళ్లి పిల్లల నెత్తిన రుద్దడంతోనే పేచీ. బిట్లకు ఇచ్చే టైమ్ బిట్లకివ్వండి. దాంతోపాటు ఒకటి నుంచి ఐదో తరగతి దాకా లెక్కల పుస్తకాలు తెచ్చుకుని, ప్రతి పద్ధతి పక్కనా ‘ఎందుకు?’ అని రాసుకుంటూ చదవండి. చిన్నతనంగా అనిపిస్తుంది. రెండో తరగతి పుస్తకం సగానికొచ్చేసరికి ఆ చిన్నతనం ఎగిరిపోతుంది.

తీసివేతనే చూడండి. టీచింగ్ ప్రాక్టీసుకు వెళ్తారు. 52లోంచి 27 తీయమంటే ఓ పిల్లాడు 35 అని రాస్తాడు. ఇంటు పెట్టేయకండి. ‘ఎలా చేశావు నాన్నా?’ అని అడగండి. ‘రెండులోంచి ఏడు పోదు కదా టీచర్, అందుకే ఏడులోంచి రెండు తీశా’ అంటాడు. వాడికి తీసివేత వచ్చు, స్థానవిలువే ఇంకా పట్టుబడలేదు. మనవాళ్లు అలవాటుగా ‘పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో’ అంటారు. తెచ్చిన అప్పు ఎప్పుడూ తీర్చరు, అదేం అప్పో! చీపురుపుల్లలు పది పది చొప్పున రబ్బరుబ్యాండ్లతో కట్టి ఇవ్వండి. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. ఏడు పుల్లలు కావాలంటే ఒక కట్ట వాడితోనే విప్పించండి. నాలుగు కట్టలు, పన్నెండు పుల్లలవుతాయి. ఏడు తీస్తే ఐదు, రెండు కట్టలు తీస్తే రెండు. 25 వాడే చెబుతాడు. ఇలాంటి తప్పుల కోసం ఒక నోటుబుక్ పెట్టండి: పిల్లలు రాసిన జవాబు, చెప్పిన కారణం, మీరు చేయించిన పని. ‘రెండు వందల ఏడు’ను 2007 అని రాసేవాళ్లూ, అరకు మూడో వంతు కలిపి ఐదింట రెండు వంతులు అనేవాళ్లూ అందులోకి తప్పక వస్తారు.

ఇక భయం. లెక్కలంటే వణుకు మీకుంటే దాచుకున్నా దాగదు. సియాన్ బైలాక్ అనే పరిశోధకురాలి బృందం 2010లో అమెరికాలో ఒకటి, రెండు తరగతుల టీచరమ్మలనూ వాళ్ల పిల్లలనూ పరిశీలించింది. టీచరుకు లెక్కల భయం ఎక్కువున్న క్లాసుల్లో, ఏడాది చివరికి లెక్కలు మగపిల్లలకే వస్తాయని నమ్మే ఆడపిల్లలు పెరిగారు. అలా నమ్మినవాళ్లే లెక్కల్లో వెనకబడ్డారు. కాబట్టి క్లాసులో ‘నాకూ చిన్నప్పుడు లెక్కలు వచ్చేవి కాదులే’ అని ఓదార్చడం మానేయండి. దాంతో పిల్లకు ఒరిగేదేమీ లేదు.

భయం ఒక్కరే కూర్చుంటే పోదు. చైనా బడుల్లో టీచర్లు బృందాలుగా కూర్చుని పాఠాలు చర్చించుకుంటారు. మనకు స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలున్నాయి. రేపు ఉద్యోగమొచ్చాక వాటికి సంతకం పెట్టి రావడానికి కాకుండా, మీ నోటుబుక్కుతో వెళ్లండి. ఏకోపాధ్యాయ బడిలో పడితే మరీ అవసరం. ఇప్పటికైతే హాస్టల్లో ముగ్గురు చాలు: వారానికో పాఠం, ఒకరు టీచరు, ఇద్దరు మొండి పిల్లలు.

‘గుణిస్తే పెరగాలి కదా టీచర్, ఎనిమిదిని అరతో గుణిస్తే నాలుగుకి తగ్గిందేంటి?’ అని ఏదో ఒకరోజు ఎవరో అడుగుతారు. ‘రూలంతే’ అనకండి. అప్పటికప్పుడు తట్టకపోతే ఆ ప్రశ్నను బోర్డు మూల రాసి, ‘రేపు చూద్దాం’ అనండి. సాయంత్రం ఆ ఇద్దరు మొండి పిల్లలకు ఫోన్ చేయండి. మర్నాడు దాని సంగతి తేల్చాకే కొత్త పాఠం తీయండి.